మార్తమ్మ బోడి అవును

రాజోలు దగ్గర శివకోడు ఊళ్ళో ఉండే మార్తమ్మకి పైదేశం నుంచి డబ్బు రావడం తెలుసు. అది ఏ కౌంటర్లో ఇస్తారో, ఏ కాగితం చూపించాలో, వచ్చిన సంగతి ఎవరికి చెప్పొచ్చో, ఎవరికి చెప్పకూడదో అన్నీ తెలుసు. తెలియకేం? పదహారేళ్ళు మస్కట్‌లో పరాయివాళ్ళ వంటిళ్ళలో నిలబడి తను పంపింది. తను వచ్చేశాక కూతురు షైనీ దుబాయ్ నుంచి పంపుతోంది. రాజోలు చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా ఇదే వరస. డబ్బు అక్కడి నుంచి ఇక్కడికి వస్తుంది. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళేవి పచ్చళ్ళు, ఎండు రొయ్యలు, మందుబిళ్ళలు. అంతేగాని ఇక్కడి నుంచి డబ్బు పంపుతామని ఎవరైనా అంటే, జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు.

అలాంటిది ఆ గురువారం పొద్దున్న, చీపుళ్ళ కోసం కొబ్బరి ఈనెలు తీస్తున్న మార్తమ్మ కత్తి పక్కన పడేసి, ఫోను చెవికి నొక్కుకుని, "నేను పంపుతానే" అంది.

"ఏటమ్మా పంపేది?" అంది అవతల షైనీ.

"డబ్బులే. నీ బండి నేర్చుకోడానికి."

సంగతేమిటంటే, షైనీ దుబాయ్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉంది. ఆ ఇంటావిడ స్నేహితురాలికి చిన్నపిల్లల బడి ఉంది. పిల్లల్ని తెచ్చి దింపే వ్యానుకి ఆడమనిషి డ్రైవరుగా కావాలని ఆవిడ వెతుకుతోంది. పిల్లలు షైనీని వదలకుండా పట్టుకు తిరగడం చూసి, "లైసెన్సు తెచ్చుకో, వ్యాను తాళాలు నీకే ఇస్తాను" అంది. జీతం దాదాపు రెట్టింపు. రాత్రి పిల్లలు లేస్తే లేవక్కర్లేని వేరే గది. అయితే అక్కడ లైసెన్సంటే మాటలా? డ్రైవింగు స్కూల్లో చేరాలి, క్లాసులు వినాలి, పరీక్ష మీద పరీక్ష రాయాలి. ఫీజు వింటే కళ్ళు తిరుగుతాయి. ఆడవాళ్ళ బ్యాచి అని ఆ స్కూలువాళ్ళు ఫీజు సగానికి సగం తగ్గించారు. ఆ తగ్గింపు రేపు శుక్రవారం మధ్యాహ్నం వరకే. అది దాటితే ఫీజు మామూలే, వ్యాను తాళాలు ఇంకెవరి చేతికో వెళ్తాయి.

అంత సంపాదించే పిల్ల దగ్గర డబ్బెందుకు లేదని అడక్కండి. జీతం పడ్డ రోజే ఇంటికి పంపేసేదాని దగ్గర ఏముంటుంది? పంపిన ప్రతిసారీ ఒకటే మాట అనేది. "ఇది నీదేనమ్మా. ఏం చేసుకుంటావో నీ ఇష్టం." మార్తమ్మ ఇష్టం ఇల్లు. రేకుల షెడ్డు పీకేసి గోడలు లేపించింది. పైన సెంట్రింగు చెక్కలు కొట్టేశారు, ఇనుప ఊచలు కట్టేశారు. సోమవారం స్లాబు వేసేస్తానని మేస్త్రి బంగారరాజు మాటిచ్చాడు. ఆ స్లాబు డబ్బే ఇప్పుడు బ్యాంకులో ఉంది.

"వద్దమ్మా. నువ్వు స్లాబెయ్యి. బండి ఇంకెప్పుడన్నా నేర్చుకుంటాను" అంది షైనీ.

ఈ 'ఇంకెప్పుడన్నా' అనే మాట వింటే మార్తమ్మకి ఒళ్ళు మండుతుంది. మస్కట్‌లో ఉండగా ఎదురింటి ఆడమనిషి కారు నడుపుకుంటూ వచ్చి గేటు దగ్గర ఆపేది. వంటింటి కిటికీలోంచి ఆవిడ చేతుల వంకే చూసేది మార్తమ్మ. ఆ చక్రం అలా తిప్పి చూడాలని ఎంత ఉండేదో. ఇంకెప్పుడన్నా అనుకుంది, మోకాళ్ళు అరిగి ఇంటికొచ్చేసింది. అదే షైనీ అయితే పదహారేళ్ళకే మేనమామ ఆటో ఎత్తుకుపోయి కాలవ గట్టు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపింది. ఊరంతా నోరు నొక్కుకున్నారు. ఫోన్లో ఆ సంగతి విని మార్తమ్మ కూతుర్ని చెడామడా తిట్టి, ఫోను పెట్టేశాక వంటింట్లో ఒక్కతే పడీ పడీ నవ్వుకుంది.

"నోరుముయ్యి. నీ ఎకౌంటు నెంబరు పంపు. రేపు నువ్వా స్కూల్లో చేరకపోతే నాతో మాట్లాడకు" అని ఫోను పెట్టేసింది.

చీర మార్చుకుని, చెప్పులేసుకుని, పాసుపుస్తకం సంచిలో పడేసుకుని ఆటో ఎక్కింది. కాలు ఒకచోట నిలవడం లేదు. పక్కన కూర్చున్నవాళ్ళకి అడక్కుండానే చెప్పింది, మా షైనీ వ్యాను డ్రైవరవుతోందని. ఇంకా ఏదీ అవ్వలేదు, అయినా చెప్పింది.

రాజోలు సెంటర్లో దిగగానే ఫోన్ల కొట్టు సింహాద్రి కనిపించాడు. సంగతి విని, "బ్యాంకెందుకక్కా? వాళ్ళు తిప్పి తిప్పి చంపుతారు. నాకిచ్చెయ్. గంటలో దుబాయ్‌లో మనోడు దాని చేతిలో పెట్టేత్తాడు. పైసా కర్చుండదు" అన్నాడు.

చౌక అన్నాడు, గంటలో అన్నాడు. మార్తమ్మకి కావలసినవీ ఆ రెండే. ఒక్క క్షణం చెయ్యి సంచిలోకి వెళ్ళింది కూడా.

"ఆ మనోడి పేరేటి?" అంది.

"పేరెందుకక్కా? మాటే కదా మనకి."

మస్కట్‌లో ఇలాంటి మనవాడొకడే మార్తమ్మ రెండు నెలల జీతం పట్టుకుపోయాడు. ఆ డబ్బు గురించి ఇప్పటికీ నిద్దట్లో తిడుతుంది. "పేరు లేనోడి చేతిలో నా కూతురి బండి పెట్టలేను తమ్ముడూ" అని బ్యాంకు మెట్లెక్కింది.

బ్యాంకులో అటెండరు మార్తమ్మని చూడగానే అలవాటుగా ఎడంపక్క కౌంటరు చూపించాడు.

"ఎక్కడ్నుంచొచ్చిందమ్మా? దుబాయేనా?"

"రాలేదండి. ఎల్లాలి."

"ఎవరెల్లాలి?"

"డబ్బులండి. డబ్బులు దుబాయ్ ఎల్లాలి."

అతను ఆవిడ్ని ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి ఆఫీసరుని పిలుచుకొచ్చాడు. ఆఫీసరంటే అపర్ణ. ముక్తేశ్వరం పిల్ల, ఇంట్లో తాతల నాటి నుంచి వేదం చదువుకున్నవాళ్ళు, ఈమె లెక్కలు చదివి బ్యాంకులో చేరింది. మార్తమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం విన్నది. వింటూ వింటూ ఆవిడ ముఖం కూడా వెలిగిపోయింది.

"రెండు దార్లున్నాయండి" అంది అపర్ణ. "ఇక్కడ కాగితం మీద పెడితే ఖర్చెక్కువ, పైగా సోమవారం దాకా కదలదు. మీ ఫోన్లో మా బ్యాంకు యాప్ లోంచి పెడితే తక్కువలో అయిపోతుంది, రేపు పొద్దున్నకి చేరిపోతుంది. ఫీజు ఒక్కటే చూడకండి, రేటు కూడా చూడండి. అన్నీ పోగా అమ్మాయికి చేతికెంత అందుతుందో అదే అసలు లెక్క."

రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూపించింది. తేడా చూసి మార్తమ్మ నోరు తెరిచింది. ఆ తేడాతో షైనీకి ఒక జత మంచి బూట్లు వస్తాయి, డ్రైవరన్నాక బూట్లుండాలి కదా.

కార్డులన్నీ చూసి, షైనీ పేరు ఒక్కో అక్షరం సరిచూసి, కుటుంబ ఖర్చుల కోసమని రాసి, అపర్ణ మార్తమ్మ చేతే మీట నొక్కించింది. "ఒక్క ఫోనొస్తుందండి. పంపుతున్నది మీరేనా అని అడుగుతారు. అడిగినదానికి ఒప్పుకోండి, డబ్బు కదిలిపోతుంది" అంది.

"ఆయ్" అని దణ్ణం పెట్టి బయటపడింది మార్తమ్మ. ఇంత సులువా అనుకుంది.

ఆటో తాటిపాక దాటకుండానే ఫోను మోగింది. తియ్యటి ఆడ గొంతు.

"నమస్కారం. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాము. మీరు మార్తమ్మ గారేనా?"

"ఆయ్" అంది మార్తమ్మ.

ఆయ్ అంటే ఏమిటో కోనసీమలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్పాలి. పెద్దవాళ్ళో, కొత్తవాళ్ళో, సంతకాలు పెట్టేవాళ్ళో ఏదైనా అడిగితే ఇక్కడి మనిషి నోట ముందొచ్చే మాట అది. అందులో అవునండి ఉంది, అలాగేనండి ఉంది, మీరు చెప్పాక ఇంకేముందండి అన్నదీ ఉంది. మార్తమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక ఆఫీసరుకి ఇంకో రకంగా జవాబు చెప్పి ఎరగదు.

"క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు" అంది ఆ గొంతు. "మీరు మార్తమ్మ గారేనా?"

పాపం, ఆటో మోతకి వినపడలేదనుకుంది. గొంతు పెంచి, "ఆయ్, ఆయ్" అంది.

"క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు."

"ఆయ్ అంటున్నాను కదమ్మా. మీకు చెవిలో ఏవన్నా ఇబ్బందా? తలుపేసుకుని మాట్లాడండి, ఇనపడతాది."

ఫోను తెగిపోయింది. ఇల్లు చేరేసరికి మళ్ళీ మోగింది. ఈసారి మార్తమ్మ మర్యాద ఇంకాస్త పెంచింది. "ఆయ్, నేనేనండి. శివకోడు మార్తమ్మనండి. ఇందాకా మీరే కదండి చేసేరు? బోయినం చేసేరా?" అని అడిగింది. అవతలి మనిషికి భోజనం సంగతి కూడా అర్థం కాలేదట. మూడుసార్లు క్షమాపణ చెప్పి పెట్టేసింది. వెంటనే టింగుమని మెసేజీ వచ్చింది. పక్కింటి పిల్ల పద్మశ్రీ చదివి చెప్పింది. ఇంకొక్కసారే ఫోను చేస్తారట, నాలుగు గంటల లోపు. అదీ తప్పితే లావాదేవీ రద్దు.

ఇందాక వెలిగిన మార్తమ్మ ముఖం మాడిపోయింది. వచ్చిన ఆటోలోనే తిరిగి బ్యాంకుకి పరుగెత్తింది.

"వచ్చిన ఫోనుకి ఏమన్నారండి?" అడిగింది అపర్ణ.

"ఆయ్ అన్నానండి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ ఆయ్ అన్నాను. ఆ పిల్లకి ఇనపట్లేదండి."

అపర్ణ నుదురు కొట్టుకుంది. ఆ తర్వాత నవ్వాపుకోలేకపోయింది. "పిల్ల కాదండి, అది మిషను. నేను చెప్పడం మర్చిపోయాను. దానికి 'అవును', 'కాదు' తప్ప ఇంకో మాట తెలియదు. మీరు ఆయ్ అంటే అది బిక్కమొహం వేసిందన్నమాట. నన్నూ ట్రైనింగులో ఇలాగే ఏడిపించేరండి, ఆయ్ మేడం ఆయ్ మేడం అని."

"మరి మీరు చెప్పెయ్యకూడదా, నేనే మార్తమ్మనని?"

"నా చేతిలో లేదండి. అది ఎక్కడో పెద్దాఫీసులో నడుస్తుంది. మీ గొంతే వినాలి. రండి, నేర్చుకుందాం." అపర్ణ కుర్చీ ముందుకి జరిపి, మిషనులా గొంతు పెట్టింది. "మీరు మార్తమ్మ గారేనా?"

"ఆయ్" అంది మార్తమ్మ. అని నాలుక కరుచుకుంది.

"మీరు మార్తమ్మ గారేనా?"

"ఆ... అవునండి."

"అండి కూడా వద్దండి. దానికి అదీ తెలుసో లేదో. ఏ తోకా లేకుండా బోడిగా అవును అనాలి."

మార్తమ్మకి ఇది మహా ఇబ్బంది అయిపోయింది. "మీరు చూస్తే ఆఫీసరు. మీ మొహం చూసి బోడిగా అవునంటే ఎదురు చెప్పినట్టుండదాండి? నోరు రావట్లేదండి" అంది.

వెళ్ళి బెంచీ మీద గోడ వైపు తిరిగి, అవును, అవును, అవును అని గొణుక్కుంటూ కూర్చుంది. నోట్లో ఆయ్ తోసుకు తోసుకు వస్తోంది. గడియారం చూస్తే మూడు దాటింది. రేపు మధ్యాహ్నం గడువు, వ్యాను తాళాలు, గట్టు మీద ఆటో నడిపిన పిల్ల, అన్నీ ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయాయి. ఏడుపొచ్చేలా ఉంది. బ్యాంకులో లైనులో ఉన్నవాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది. రాజోలులో ఏదీ దాగదు కదా. ఒక పెద్దాయన డబ్బు తీసుకోవడం అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా కూర్చున్నాడు, ఏమవుతుందో చూడాలని.

ఫోను మోగింది.

అపర్ణ లేచి నిలబడి వేలు పెదవుల మీద పెట్టుకుంది. అటెండరు పరుగెత్తుకెళ్ళి ఫ్యాను కట్టేశాడు. నోట్లు లెక్కపెట్టే మిషను కూడా ఆపేశారు. మార్తమ్మ ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది.

"మీరు మార్తమ్మ గారేనా?"

"అవును."

బ్యాంకంతా ఊపిరి బిగబట్టింది.

"ధన్యవాదాలు. ఈ డబ్బు అందుకునే వ్యక్తి మీ కుటుంబ సభ్యులేనా?"

"అవును."

"ధన్యవాదాలు. మీరు పంపుతున్న ఈ డబ్బు మీ సొంతమేనా?"

ఈ ప్రశ్న వస్తుందని ఎవరూ చెప్పలేదు. అంతకుముందు మొదటి ప్రశ్న దాటితే కదా. మార్తమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. నాది కాదండి, నా కూతురు పంపిందండి అని చెప్పడానికి నాలుక దాకా వచ్చేసింది. అపర్ణ కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. మార్తమ్మకి మస్కట్ డబ్బు గుర్తొచ్చింది. పదహారేళ్ళ సంపాదన. అన్నల అప్పులకి కొంత, మొగుడి తాగుడికి కొంత, ఆడపడుచు పెళ్ళికి కొంత, అడిగినవాళ్ళకల్లా ఆయ్ అనుకుంటూ ఇచ్చేసింది. అందులో ఒక్క రూపాయిని నాది అని ఎవరూ అననివ్వలేదు, తనూ అనలేదు. నీది అన్నది ఒక్క షైనీయే. నీదేనమ్మా, నీ ఇష్టం అని నెలనెలా చెప్పింది. అది వట్టి మాటని ఇన్నాళ్ళూ అనుకుంది గాని, ఆ పిల్ల నిజంగానే అంది.

"అవును" అంది మార్తమ్మ. కాస్త గట్టిగానే అంది. వీధిలో వెళ్ళేవాళ్ళు తిరిగి చూశారు.

"ధన్యవాదాలు. మీ లావాదేవీ పూర్తయింది."

ఫోను పెట్టేసింది ఆ గొంతు. కుర్చీలో కూర్చున్న పెద్దాయన మెల్లగా అడిగాడు.

"ఎల్లిపోయిందాండి?"

"ఆయ్" అంది అపర్ణ, ఆఫీసరునన్న సంగతి మర్చిపోయి. లైనులో వాళ్ళందరూ ఒకేసారి ఆయ్, ఆయ్ అని తలలూపారు. మార్తమ్మ అపర్ణ చేతులు పట్టుకుని మరి వదల్లేదు. ఆనందంతో కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, పైట చెంగుతో తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి మేస్త్రి బంగారరాజు సెంట్రింగు కింద నిలబడి ఉన్నాడు. సిమెంటు చెప్పడానికి బయానా అడిగాడు. మార్తమ్మ జరిగింది చెప్పింది.

"అయితే స్లాబు ఇప్పట్లో లేనట్టేనా అక్కా?"

"అవును."

బంగారరాజు తెల్లబోయాడు. మార్తమ్మ నోట అలాంటి జవాబు అతనెప్పుడూ వినలేదు. "నా మీద కోపమొచ్చిందా అక్కా? నేనేమన్నాననీ?" అన్నాడు. ఆమెకి నవ్వాగలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చి, అద్దె చెక్కలు రేపే విప్పుకుపొమ్మని చెప్పింది. ఊచల మీద ఆ రాత్రికి తాటాకులు కప్పించింది.

మర్నాడు పదకొండు గంటల వేళ షైనీ వీడియో ఫోను చేసింది. వెనకాల పెద్ద హాలు, తెల్లటి దీపాలు, కౌంటరు దగ్గర ఆడవాళ్ళ లైను. షైనీ ఒక కాగితం ఎత్తి చూపించింది.

"కట్టేసేనమ్మా. పొద్దున్న లేచేసరికే పడిపోయి ఉంది. నువ్వనుకున్న దానికన్నా కొంచెం ఎక్కువే వచ్చింది."

"బూట్లు కొనుక్కో" అంది మార్తమ్మ. చెక్కలు పొద్దున్నే విప్పుకుపోయారు, తలెత్తి చూస్తే ఊచల మధ్య తాటాకులు, వాటి సందుల్లోంచి ఎండ. ఆ ఎండ ముఖం మీద పడినా ఇవాళ ఏమీ అనిపించలేదు.

"భయంగా ఉందా?"

"ఆయ్" అంది షైనీ. బ్యాంకు కథ రాత్రే వినేసింది కదా, కావాలనే అంది.

"నడపగలవా మరి?"

"ఆయ్."

"అక్కడివాళ్ళకి ఆయ్ తెలీదే పిచ్చిదానా. అడిగితే బోడిగా చెప్పాలి. ఏదీ, నాతో అను. బండి నడపగలవా?"

షైనీ నవ్వు ఆపుకుంది. వెనకాల ఎవరో తన పేరు పిలుస్తుంటే ఒకసారి తిరిగి చూసి, మళ్ళీ తల్లి వైపు తిరిగింది.

"అవును" అంది.

కన్నకూతురు తన ముఖం మీదే అంత బోడిగా జవాబు చెప్పినా మార్తమ్మకి రవ్వంత కోపం రాలేదు.